గోడ దాటని జబ్బు

కోటిపల్లి రేవు దగ్గరి ఆశ్రమంలో సదానందులవారు ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. ముకుందరావు అడిగిన రోజునా అంతే.

"స్వామీ, మా ఆవిడ రొమ్ము పరీక్షకు వెళ్తానంది. నొప్పి లేదు, గడ్డ లేదు. లేని జబ్బును వెతుక్కోవడమేమిటని ఆపేశాను. తప్పంటారా?"

స్వామి తప్పనలేదు, ఒప్పనలేదు. నరసాపురం దగ్గర లేసు అల్లే మంగతాయారు సంగతి ఎత్తారు.

మంగతాయారు తోడికోడలు వీరమణికి రొమ్ములో గడ్డ తగిలింది. ఆ పిల్ల బెంగతో అన్నం మానేస్తే, మంగతాయారే నచ్చజెప్పి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లింది. తీరా అక్కడ యంత్రాన్ని చూసి వీరమణి లోపలికి రానంటే, "నేనూ తీయించుకుంటాలే, రా" అని తోడుగా తనూ రొమ్ము ఎక్స్‌రే ఫోటో తీయించుకుంది. ఆమె ఫోటోలో ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు కనిపించాయి. ఇద్దరికీ సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఫలితాలొచ్చాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. వీరమణిది ఉత్త కొవ్వుగడ్డ. క్యాన్సరు కణాలు కనబడ్డది మంగతాయారుకి.

మంగతాయారు నవ్వేసింది. "పేర్లు తారుమారయ్యాయండి. గడ్డ దానికండి, నాక్కాదు."

"నీదే తల్లీ. పాలనాళం లోపలే ఉంది, గోడ దాటి బయటికి పాకలేదు. అందుకే చేతికి తగల్లేదు."

ఆ నవ్వు ముఖమ్మీదే బిగుసుకుపోయింది. అంతదాకా ధైర్యం చెప్పిన మనిషి కూర్చున్నచోటే చల్లబడిపోయింది. "అక్కా, అక్కా" అని వీరమణి కుదిపింది.

"గోడ దాటుతుందాండీ?" అంది మంగతాయారు.

"చెప్పలేనమ్మా. కొందరికి ఎన్నటికీ దాటదు, కొందరికి దాటుతుంది. ఎవరికి దాటుతుందో ముందే పోల్చుకునే విద్య మాకింకా పట్టుబడలేదు. ఇప్పుడైతే చిన్న ఆపరేషనుతో తీసేయొచ్చు."

ఊళ్లో కొందరు నొప్పి లేనిది రోగమే కాదన్నారు. ఇంకొందరు ఆమె అప్పుడే పోయినట్టు శోకాలు పెట్టారు. మంగతాయారు ఎవరితోనూ వాదించలేదు. ఆపరేషను చేయించుకుంది, చెప్పినన్నాళ్లూ రేడియేషను కరెంటు పెట్టించుకుంది. ఇప్పటికీ లేసు అల్లుతోంది.

అయినా ముకుందరావు పట్టు వదల్లేదు. "అది ఎన్నటికీ దాటనిదే అయితే, స్వామీ? ఆ కోతంతా వృథాయే కదా?"

"కావచ్చు," అన్నారు సదానందులవారు. "తెలుసన్నవాళ్లు ఊరినిండా ఉన్నారు నాయనా. మంగతాయారు మాత్రం, తెలియదన్న మనిషి మాటే విన్నది."