ఇరవై రెండు డిగ్రీల సేవ

"మనం ఎంత ప్రేమగా చేసినా అవతలివాళ్ళ మొహంలో సంతోషం కనపడదెందుకండీ గురువుగారూ?" అని కోదండపాణి ఒక సాయంత్రం పాఠం మధ్యలో అడిగాడు. పాణి ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి. మంచివాడు. ఎవరికైనా సాయం చేయడం మొదలుపెట్టాడంటే, ఇక ఆ మనిషి తప్పించుకోవడం కష్టం. ఇంట్లో భార్యా కోడలూ తన సేవను గుర్తించడం లేదన్నది ఆయన బాధ. మా గురువుగారు సోమయాజులుగారు ఇలాంటి ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబు చెప్పరు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పాఠంలోకి వెళ్ళిపోయారు. జవాబు మే నెలలో, పాణి కొత్తగా కొన్న కరెంటు కారులో దొరికింది. ఆ కారులో నేనూ ఉన్నాను.

గురువుగారి అక్కగారు వెంకటరత్నమ్మగారు నంద్యాలలో మనవడి దగ్గర ఉంటారు. తొంభై దాటాయి. తమ్ముడు వస్తున్నాడంటే, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని తప్ప ఆవిడ ముద్ద ముట్టరు. అది చిన్ననాటి పట్టు, ఎవరు చెప్పినా వినరు. అక్కాతమ్ముళ్ళు కలుసుకుని ఆరేళ్ళయింది. పన్నెండు గంటలకల్లా వచ్చేస్తామని ఫోన్లో మాటిచ్చి, పొద్దున్నే ఆరింటికి గుంటూరులో బయల్దేరాం.

ఆ కారులో తిప్పడానికి ఒక మీట లేదు, నొక్కడానికి ఒక బొత్తాం లేదు. అంతా పలకంత తెరలోనే ఉంది. ఏసీ సరిచేయాలంటే ఆ తెరలో మూడు గుమ్మాలు దాటి లోపలికి వెళ్ళాలి. గతుకులో వేలు పక్కకి జారిందా, పాటలు మొదలవుతాయి, లేకపోతే దారి చూపించే పటం మాయమవుతుంది. పాణి దానితో కుస్తీ పట్టి గురువుగారి కోసం ఇరవై రెండు పెట్టాడు. గాలి తిన్నగా వెనక సీట్లో ఆయన గుండెల మీదికి కొట్టింది. ఆయన భుజం మీది శాలువా విప్పి ఒంటి నిండా కప్పుకున్నారు. పాణి అది అద్దంలో చూసి, ఈ ఎండల్లో శాలువా కప్పుకుంటే ఉడికిపోరూ పాపం అని ఇరవైకి దించాడు. వినుకొండలో మేం టిఫినుకి ఆగిన ఇంటివాళ్ళు భక్తిగా ఇంకో శాలువా కప్పారు. కారెక్కాక గురువుగారు దాన్నీ తియ్యలేదు. పాణి పద్దెనిమిది చేశాడు.

వెనక సీట్లోనే కూర్చున్న నాకు కూడా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. గురువుగారే నోరు మెదపనప్పుడు మధ్యలో నేనెవర్ని అని ఊరుకున్నాను. పైగా, చలీ వేడీ అంటని మహానుభావుడి పక్కన కూర్చున్నానని లోపల్లోపల గర్వపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. ఒకరు పెట్టిన దానికి వంక పెట్టడం ఆయనకు అలవాటు లేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా మాట్లాడకుండా తిని లేస్తారు.

మార్కాపురం దాటాక తెర మీద ఎర్రగుర్తు వెలిగింది. అంతసేపూ నడిచిన ఏసీ బ్యాటరీని తినేసింది. ఇంకా నల్లమల ఘాటు ఎక్కాలి. ఏసీ ఆపేస్తే నెట్టుకుపోవచ్చు కదా అన్నాను. గురువుగారు రెండు శాలువాల్లో ఉంటే ఎలా ఆపమంటారని పాణి నా మీద కేకలేశాడు. చేసేది లేక గిద్దలూరులో ఛార్జింగుకి నిలబడ్డాం. అక్కడ రెండు గంటలు పట్టింది. గురువుగారు దిగి, మండుటెండలో సిమెంటు బెంచీ మీద కూర్చుని హాయిగా కళ్ళు మూసుకున్నారు. పాణి పరుగున వెళ్ళి ఆయనకు గొడుగు పట్టాడు.

అప్పుడే నంద్యాల నుంచి మనవడు ఫోన్ చేశాడు. నాయనమ్మ మంచినీళ్ళు కూడా ముట్టడం లేదనీ, కళ్ళు తిరుగుతున్నాయంటోందనీ చెప్పాడు. గురువుగారి మొహం వాడిపోయింది. ఆయన్ని అలా చూడడం నాకు అదే మొదటిసారి. ఛార్జింగయి కారెక్కగానే పాణి మళ్ళీ పద్దెనిమిదే పెట్టాడు.

మేం చేరేసరికి మూడయింది. వెంకటరత్నమ్మగారు వేసిన విస్తరి ముందు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నాలుగేళ్ళ క్రితమే ఆవిడకు చూపు పూర్తిగా పోయిందట. తమ్ముడు పక్కన చతికిలబడగానే తడుముకుంటూ అతని చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"ఒరే సోముడూ, చేతులింత చల్లగా ఉన్నాయేంరా? చలేస్తోందా నీకు?"

మా గురువుగారు చిన్నపిల్లాడిలా తలూపారు. ఆవిడకు కనపడదని గుర్తొచ్చి, "అవునక్కయ్యా, పొద్దుట్నించీ" అన్నారు.

ఆవిడ పొగలు కక్కే చారు తెప్పించి, అన్నంలో తనే కలిపి, మొదటి ముద్ద తమ్ముడి నోట్లో పెట్టారు. రెండో ముద్ద తను తిన్నారు. నాలుగు ముద్దలు పడేసరికి ఆవిడ గొంతులోకి ఓపిక వచ్చి, ఆలస్యంగా వచ్చినందుకు తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టారు. మా అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. పాణి మాత్రం విస్తరి ముందు తల వంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "ఒక్కమాట చెబితే పోయేది కదండీ గురువుగారూ, నేను పొద్దుట్నించీ మిమ్మల్నే చూస్తున్నాను" అన్నాడు.

గురువుగారు నవ్వి, నేతిగిన్నె అతని వైపు జరిపారు.

"అక్కయ్యకు కళ్ళు కనపడవు గదా పాణీ. అందుకని అడుగుతుంది."