కస్తూరి తలపాగా

పైడికోట వాకిట్లో ఒక వింత జరిగేది. కాపలా నాయకుడు దండప్ప ఎవరి బండిలో మూట విప్పినా, అందులో సుంకం కట్టని దొంగ కస్తూరి పొట్లం ఒకటి దొరికేది. ఆ బండీ ఎద్దులూ నాయకుడి పాలయ్యేవి.

ఆ రోజు దూది బండి తోలుకొచ్చిన సూరవ్వను ఆపి, "ఎద్దు మెడలో గంటేదే?" అని గద్దించాడు.

"దారిలో తెగింది దొరా. ఇప్పుడే కడతాను."

"మూటలు విప్పు. సోదా చెయ్యాలి."

"గంట తెగితే మూటలేం చేశాయి దొరా?"

"దాచిందేమీ లేకపోతే భయమెందుకే?" అంటూ దండప్ప మీదికి వంగాడు. అతని తలపాగాలోంచి గుప్పున కస్తూరి వాసన కొట్టింది.

సూరవ్వ కొంగు బిగించి బండి దిగింది.

"నాకేం భయం! అన్నీ విప్పుకోండి. కాకపోతే మీ ఒంటి మీదిదేదైనా నా దూదిలో పడితే అదీ నాదే అంటారు. ముందు ఆ తలపాగా విప్పి, ఇందరి ముందూ ఒక్కసారి దులపండి."

దండప్ప రెండు చేతులతో తలపాగా అదిమి పట్టుకున్నాడు.

"దాచిందేమీ లేకపోతే భయమెందుకు దొరా?"

"పో, పో! బండి తోలుకుపో!"

సూరవ్వ నింపాదిగా కోటలోకి తోలుకుపోయింది. వెనక వరసలోని బండ్లవాళ్లంతా కిందికి దూకి దండప్పను చుట్టుముట్టారు.

"దొరా, ముందు నా బండి సోదా చెయ్యండి!"

"కాదు దొరా, ముందు నాది!"