ఉప్పు చేతికిచ్చిన సుంకి

అనగనగా, మన తాతలకు తాతలు ఉగ్గుపాలు తాగే కాలంలో, ఒక వాగు. వాగుకు ఈ దరి ఎగువపేట, ఆ దరి దిగువపేట. రెండు పేటలూ ఉప్పూ నిప్పూ. పగ ఎందుకంటే ఒకరు చేను మేసిన ఎనుము అంటారు, ఒకరు నీళ్ళు తోడే ఏతం అంటారు. తెలిసినవాళ్ళంతా కొట్టుకు చచ్చారు.

ఎగువపేటలో సుంకి అని పెళ్ళికాని పిల్ల. గంపలో ఉప్పు అమ్ముకునేది. దాని అన్నను దిగువపేటవాళ్ళు నరికారు. ఆ ఏడే ఎగువపేట పెద్దలు కట్టడి చేశారు, వాగు దాటి ఉప్పుగల్లు పోరాదని. దిగువపేటకు ఉప్పు వచ్చే బాట ఎగువపేట మీదిదే మరి. చప్పిడి గంజి మింగలేక దిగువపేట పిల్లలు ఏడ్చే ఏడుపు వాగు దాటి వినపడేది. అన్న పోయిన రోజు తన ఇంట్లో ఏడుపూ అట్లాగే ఉండింది.

మొదటిసారి వాగు నడిమి బండమీద ఆకులో ఉప్పు పెట్టి వచ్చింది. దారిలో ఉప్పు కనబడితే ఎవరైనా ఏమనుకుంటారు? దిష్టి తీసి పారేశారనుకుంటారు. దిగువపేటవాళ్ళూ అదే అనుకుని కర్రతో నీళ్ళలోకి నెట్టారు. రెండోసారి కొత్త చట్టిలో పెట్టింది. చట్టి పగలగొట్టారు.

మూడోసారి సుంకి గంపతో బండమీదే కూర్చుంది. అవతలి దరిన పడుచువాళ్ళు గుమిగూడారు.

"దిష్టి ఉప్పు కాదబ్బా, తినే ఉప్పు" అని ఇంత నోట్లో వేసుకుంది.

కంబగిరి అనేవాడు నీళ్ళలో దిగి వచ్చాడు. సుంకి అన్నను నరికినవాడి కొడుకే వాడు.

"ఆడ పెట్టు, తీసుకుంటా" అన్నాడు.

"పెడితే దిష్టి అంటారు. చెయ్యి పట్టు."

"ఉప్పు చేతికిస్తే తగువొస్తాదంటారు గదమ్మే!"

"ఉండే తగువు చాలకనా? ఇంకేం వస్తాదిలే, పట్టబ్బీ."

వాడికి నవ్వొచ్చింది. చెయ్యి చాచాడు. సుంకి పిడికెడు ఉప్పు వాడి చేతిలో పోసింది.

ఈ దరి జొన్నచేలోంచి సుంకి నాయన చూశాడు. కొడుకును చంపినవాళ్ళ చేతిలో కూతురి చెయ్యి! పిట్టలు తోలే వడిసెల తిప్పి రాయి విసిరాడు. గురి కంబగిరి మీదే. తగిలింది సుంకి కణతకు. బండమీదే ప్రాణం పోయింది.

కంబగిరి పారిపోలేదు. సుంకిని ఎత్తుకుని ఎగువ దరికే నడిచాడు. వెనక దిగువపేట పడుచువాళ్ళు దిగారు. ఎదురుగా ఎగువపేట పడుచువాళ్ళు దిగారు. "నరకండ్రా!" అని రెండు దరులా పెద్దలు అరిచారు. ఎవరూ చెయ్యెత్తలేదు. సుంకి జతగత్తె ఒకతి గంపలోని ఉప్పు తీసి కంబగిరి చేతిలో పెట్టింది. వాడు పక్కవాడి చేతిలో పెట్టాడు. చేతినుంచి చేతికి, చేతినుంచి చేతికి, చేతినుంచి చేతికి పోయింది ఉప్పు.

"రావాల్సిన తగువు వచ్చిపోయింది. ఇంక రాదు" అన్నారు పడుచువాళ్ళు.

పెద్దలు ఎత్తిన కర్రలు దించారు. బుద్ధొచ్చి కాదు, కొడితే తగిలేది తమ పిల్లలకే గనక.

సుంకి నాయన బతికినన్నాళ్ళూ చప్పిడి కూడే తిన్నాడు. ఎవరూ తినమనలేదు, ఎవరూ మానమనలేదు.

లోకమంతా ఉప్పు కింద పెడితే తీసుకుంటారు. ఆ రెండు పేటల్లో మాత్రం ఇప్పటికీ చేతికే ఇస్తారు. కొత్తకోడలు బెదిరిపోయి, "తగువు రాదా అత్తా?" అంటుంది.

అత్త దాని గుప్పిట మూస్తుంది.

"మాకు రావాల్సింది వచ్చిపోయిందమ్మా. సుంకి తీసుకుపోయింది."