పద్దెనిమిది అడుగుల గడి

"నన్ను ఓడించలేక గీత జరిపేసినారు మేష్టారూ! నాను ఆడనండి," అని గవరయ్య బంతిని నేలకేసి కొట్టాడు.

ఆరున్నర అడుగుల మనిషి. మా జూట్ మిల్లు బాస్కెట్‌బాల్ జట్టుకి సెంటర్ వాడే. మిల్లులు ఆటకే జీతమిచ్చి జట్లు పెట్టుకుంటున్న కొత్త రోజులవి. వరసగా మూడేళ్ళు కప్పు మాకే వచ్చిందంటే వాడి వల్లే. బుట్ట కింద నిలబడేవాడు. మేం బంతి అందిస్తే అందులో పడేసేవాడు. అంతే.

నాలుగో ఏడు పోటీలకి నెల ముందు వాటిని నడిపే కమిటీ కాగితం పంపింది. బుట్ట ముందు సున్నంతో గీసే గడిలోకి వెళ్తే మూడు లెక్కపెట్టేలోగా బయటికొచ్చేయాలన్నది పాత రూలే. ఆ గడి వెడల్పు ఆరడుగులే ఉండేది, గవరయ్య దాని అంచున నిలబడే బుట్ట అందుకునేవాడు. ఇకనుంచి పన్నెండట. ఎవరి కోసమో పసిపిల్లాడికైనా తెలుస్తుంది. కమిటీలో కూర్చున్నదంతా మా చేతిలో ఓడిన మిల్లుల వాళ్ళే. సిగ్గులేని మనుషులు. ఆ మొహాలు నాకింకా గుర్తే.

"ఇది అన్నేయం కాదేటి? సెప్పండి," అన్నాడు గవరయ్య.

మాకు ఆట నేర్పిన కృపాదానం మేష్టారు జవాబు చెప్పలేదు. సున్నం డబ్బా తెచ్చి, వంగి, తనే కొత్త గడి గీశారు. నేను అడుగులేసి కొలిచాను. పద్దెనిమిది!

"వాళ్ళన్నది పన్నెండే కదండీ!" అన్నాను.

"అది వాళ్ళన్నది. ఇది నేనన్నది," అని గవరయ్య వైపు చూశారు. "దిగు."

నెల రోజులు వాడు తిట్టుకుంటూనే ఆడాడు. దూరం నుంచి విసరడం, గిర్రున తిరిగి బుట్టకేసి దూకడం, ముగ్గురు మీదపడితే ఖాళీగా ఉన్నవాడికి బంతి ఇవ్వడం, అన్నీ వచ్చాయి. మేష్టారు ఒక్కసారి కూడా శభాష్ అనలేదు.

ఫైనల్లో ఆ పన్నెండడుగులు వాడికి గుమ్మం దాటినంత. మా పాయింట్లలో సగం వాడివే. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, ఆఖరి నిమిషం. ముగ్గురు వాణ్ణి పట్టుకు వేలాడుతుంటే బంతి నాకిచ్చాడు. వేశాను. గెలిచాం. ఏ పేపరోడూ నా పేరు రాయలేదు, అది వేరే సంగతి.

కప్పు ఇస్తూ కమిటీ ప్రెసిడెంటు పళ్ళికిలించాడు. "చూశావా గవరయ్యా, గడి పెంచి నీకు మేలే చేశాం!"

గవరయ్య కప్పుతో సహా మేష్టారి దగ్గరకొచ్చాడు.

"నిజిమేనేటి? మనకిది మేలేనేటి?"

"కాదు. అన్యాయమే."

"మరి ఆ రోజు అడిగితే పలకనేదేటి?"

"ఆడకుండా అడిగితే ఏడుపంటారు," అన్నారు మేష్టారు. "ఇప్పుడెళ్ళి అడుగు."

గవరయ్య వెనక్కి నడిచాడు. కప్పు ప్రెసిడెంటు ముందు బల్లమీద పెట్టి, మైకు అందుకున్నాడు.