ఈరి అల్లిన గొర్రెపిల్ల చొక్కా

అనగనగా చలిగాలికి పుట్టిల్లయిన ఒక కొండ. ఆ కొండ మీద గొర్రెల కాపరుల పల్లె. ఆ పల్లెలో గంగులమ్మ అనే తల్లికి ఈరి అని ఒక్కతే కూతురు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లకు దాని తల్లి ఉన్నితోనే చొక్కా అల్లి తొడగాలి. తల్లి లేకపోయినా తల్లి వెచ్చదనం ఉండాలని. ఆ చొక్కాను అప్పుడే అల్లిక నేర్చుకునే పిల్లల చేతే అల్లించేవారు.

ఆ యేడు తల్లి పోయిన ఒక గొర్రెపిల్లకు చొక్కా అల్లే వంతు ఈరికి వచ్చింది. మంద కొండ నెత్తికి కదిలేలోగా చొక్కా పూర్తి కావాలి. లేదంటే పైనుండే మంచుగాలికి ఆ బుజ్జిది బతకదు.

గంగులమ్మ కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. రెండు వెదురు సూదులు ఆ చిన్న చేతుల్లో పెట్టి, వాటి మీద తన చేతులు వేసింది. సూది గుచ్చు, దారం చుట్టు, ఇవతలికి లాగు, అంతే తల్లీ అంది. చెయ్యి తిరిగేదాకా నేర్పి, తన చేతులు తీసేసింది. ఆ తర్వాత ఎంత బతిమాలినా సూదులు ముట్టుకోలేదు.

ఎక్కడ ఊడిపోతుందోనని ఈరి దారాన్ని బిగించి బిగించి అల్లింది. తొడగబోతే చొక్కా చెవుల దగ్గరే ఆగిపోయింది.

"అక్కా, తలకాయ ఇక్కడే వదిలి రమ్మంటావా?" అంది గొర్రెపిల్ల.

విప్పేసి, ఈసారి వదులుగా అల్లింది. ఎక్కడ పడితే అక్కడ కన్నాలే. కాళ్లు ఏ కన్నంలోంచి వస్తున్నాయో గొర్రెపిల్లకే తెలియలేదు. పక్కింటి సుంకులత్త తొంగిచూసి, "నీ చొక్కా అయ్యేసరికి అది మనవల్ని ఎత్తుతుందే" అని నవ్వింది. ఈరి కళ్లనీళ్లు పెట్టుకుంది. గంగులమ్మ మాత్రం, చేతికి భయం తీరింది, ఇక కుదురుతుందిలే అని తల నిమిరింది.

మూడోసారి నిజంగానే కుదిరింది. ఇంకో రెండు వరసలుంటే అయిపోతుంది. బయట మంద కదులుతున్న గంటలు మోగాయి. అప్పుడు చూసింది ఈరి. ఎక్కడో కింది వరసలో ఒక చుట్టు సూది మీంచి జారిపోయి ఉంది. గబుక్కున అక్కడో ముడి వేసేసింది. ఇక కనబడదు. కానీ ముళ్లకంప తగిలిందా, అక్కణ్ణుంచే అల్లికంతా జారిపోతుంది.

గొర్రెపిల్ల వచ్చి ఆమె మోకాలి మీద మూతి ఆనించింది. "వెచ్చగా ఉంటుందా అక్కా?"

ఈరి చొక్కాను చేతిలోకి తీసుకుంది. లేచి తల్లి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, ఒక చుట్టు జారింది. ముడేసి దాచేశాను."

"చూశానే. నువ్వే చెబుతావని కూర్చున్నా." గంగులమ్మ కొంగు దోపుకుని లేచింది. "నువ్వు విప్పు. మందను నేను ఆపుతా."

కాపరులు సణిగారు, పొట్టేళ్లు కాలు దువ్వాయి. గంగులమ్మ దారికి అడ్డంగా నిలబడి కదల్లేదు. ఇంట్లో ఈరి ముడి విప్పి, జారిన చోటిదాకా ఊడదీసి, మళ్లీ అల్లింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గొర్రెపిల్ల చొక్కా తొడుక్కుని చెంగుచెంగున మందలో కలిసింది.

చలికాలం మొదలయ్యేలోగా మంద దిగివచ్చింది. చొక్కా నిండా పల్లేరుకాయలు, ముళ్లు. ఒక్క చుట్టు కూడా జారలేదు. అయితే గొర్రెపిల్లకు మాత్రం అది బొత్తిగా పొట్టిదైపోయింది.

తప్పును ముడివేసి దాచినవాడికి పని రాదు. విప్పి దిద్దుకున్నవాడికే వస్తుంది.