ఎర్రగీత దాటిన ముల్లు

మా సంస్థానంలో నాకంటే తెలివైనవాడు లేడని నేనే అందరికీ చెప్పేవాణ్ణి. దివాన్ని కదా, ఎవరూ కాదనలేదు. ఒకనాడు రాజావారి కారెక్కి, దర్జా కోసం ఇంజను వేగం చూపే ముల్లు ఎర్రగీత దాటేదాకా యాక్సిలరేటరు తొక్కిపట్టాను. ఇంజను పెద్ద చప్పుడు చేసి చచ్చింది. రాజావారి సభలో నింద డ్రైవరు మస్తానయ్య మీద వేశాను.

"దివానుగారే గీత దాటించారు ప్రభూ," అన్నాడు వాడు.

"దాటితే ఏమవుతుంది? ఆ గీత అలంకారం. వీడే నూనె పోయలేదు. కొలువు తీసేయండి," అన్నాను.

"అయితే దివానుగారి సొంత కారులో నిండా నూనె పోస్తాను. అలాగే తొక్కమనండి."

"బంగారంలాంటి కారు, ఎందుకయ్యా పాడుచేయడం?" అనేశాను.

సభలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మస్తానయ్య కొలువు నిలిచింది, పాడైన కారుకి బదులుగా నా కారు కోటకి పోయింది. తలొంచుకుని ఇంటికి నడుస్తుంటే వాడు ఆ కారే పక్కన ఆపాడు.

"ఎక్కండి బాబూ, నెమ్మదిగానే పోనిస్తాను."