రాజుగారు చెప్పలేకపోయిన వేట

అనగనగా, రాజుల బాణాలు కూడా గురి తప్పుతుండే రోజుల్లో, నల్లగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. ముందు పొలాలు, వెనక అడవి, నడుమ ఒక మట్టికోట. ఆ కోటలో సుధన్వ మహారాజు ఉండేవాడు. మంచివాడే. ప్రజలంటే ఆయనకు ప్రేమ, పప్పన్నమంటే ఇంకాస్త ప్రేమ. ఒక్క వేట మాత్రం చేతనయ్యేది కాదు.

చేతకాకపోతే మానుకోవచ్చు కదా అంటారా? ఆ రాజ్యంలో అలా కుదరదు. ఏటా కొత్త జొన్న ఇళ్ళకు చేరాక అడవితల్లి గద్దె దగ్గర ఊరందరికీ విందు జరిగేది. ఆ విందుకు రాజే స్వయంగా వేటాడి ఒక జంతువును తేవాలి. తెస్తే సరిపోదు. పొయ్యి వెలిగించే ముందు గద్దె ఎదుట నిలబడి, దాన్ని ఎక్కడ చూశాడో, ఎలా వెంబడించాడో, అది ఎలా తప్పించుకోజూసిందో, చివరికి ఎలా దొరికిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దీన్ని వాళ్ళు వేట చెప్పడం అనేవారు. వేట చెప్పనిదే మాంసం కుండలో పడదు.

సుధన్వుడు పట్టానికి వచ్చిన మొదటి ఏడు బాణం వెళ్ళి చీమల పుట్టలో దిగింది. రెండో ఏడు దుప్పి సరిగ్గా ఎదురుగా నిలిచిన వేళ ఆయనకు తుమ్ము వచ్చింది. మూడో ఏడు బాణం ఎటు పోయిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మంత్రి మాచిరాజు తలపాగా మాత్రం చెట్టుకొమ్మకు వేలాడుతూ కనిపించింది.

మూడేళ్ళూ విందు గుమ్మడికాయ పులుసుతోనే గడిచింది. మూడేళ్ళూ రాజు ఒంట్లో బాగాలేదని విందుకు కోట దాటి రాలేదు. జనం నోరెత్తి ఏమీ అనలేదు. కానీ సంతలో గుమ్మడికాయ కనబడితే చాలు, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. ఆ నవ్వు కోటలోకి కూడా వినిపించేది. రాజుకు అన్నం సహించడం మానేసింది. పప్పన్నం కూడా!

అప్పుడు మాచిరాజు రాజు చెవిలో ఒక ఉపాయం ఊదాడు.

"ప్రభూ, జంతువు వెనక మీరెందుకు పరుగెత్తాలి? దాన్నే మీ దగ్గరికి రప్పిద్దాం. రోజూ ఒకే చోట జొన్నలు చల్లి, ఉప్పుగడ్డ పెడితే దుప్పులు అలవాటు పడతాయి. పక్కనే మంచె వేయిస్తాను. పండుగనాడు మీరు కూర్చున్న చోటు నుంచి కదలనక్కర్లేదు."

రాజు ముఖం వెలిగింది. వెంటనే కొండమీది వేటగాళ్ళ గూడెం పెద్ద బయ్యన్నను పిలిపించి పని అప్పగించాడు.

బయ్యన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "దొరా, మా గూడెంలో విల్లు చేతికిచ్చే ముందు మూడు ఒట్లు వేయిస్తారు. నీళ్ళు తాగేదాన్ని కొట్టం. పిల్లలున్న తల్లిని కొట్టం. మన చేతి మేత తిన్నదాన్ని కొట్టం. మేం పెట్టిన మేత తిన్నదంటే అది మా ఇంటిదే. ఈ పని మా వల్ల కాదు."

రాజుకు కోపం ముంచుకొచ్చింది. మూడేళ్ళుగా మింగిన అవమానమంతా ఆ కోపంలో కలిసింది. "ఈసారి కూడా నేను వట్టిచేతులతో వచ్చానంటే మీ గూడెం కొండ దిగి పోవాల్సిందే! మళ్ళీ ఈ అడవిలో మీ గుడిసె కనపడకూడదు."

బయ్యన్న తన వాళ్ళను తలుచుకున్నాడు. గూడెంలో నడవలేని ముసలివాళ్ళున్నారు, పాలు తాగే పసివాళ్ళున్నారు. ఎక్కడికని పోతారు? చివరికి ఇలా అన్నాడు.

"అట్లయితే మేత దొరే పెట్టాలి. దుప్పి వాసన పట్టే జాతి. పనివాళ్ళు పెడితే వాళ్ళనే నమ్ముతాది, దొర వాసన తగలగానే లగెత్తుతాది."

అందులో అబద్ధం ఏమీ లేదు. అయితే బయ్యన్న మనసులో ఇంకో ఆలోచన కూడా ఉంది. అదేమిటో నేనిప్పుడే చెప్పను.

మర్నాడు తెల్లవారుతూనే రాజు జొన్నల మూట చంకన పెట్టుకుని అడవికి బయలుదేరాడు. మొదట్లో దుప్పులు దగ్గరకే రాలేదు. దూరాన పొదల చాటు నుంచి చెవులు రిక్కించి చూసి, ఆయన వెళ్ళిపోయాక వచ్చి తిని పోయేవి. రాజు విసుక్కుంటూనే రోజూ వెళ్ళాడు.

కొన్నాళ్ళకు ఆయన అక్కడ కూర్చుని ఉండగానే రావడం మొదలుపెట్టాయి. ఒక కన్ను జొన్నల మీద, ఒక కన్ను రాజు మీద. రాజు కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు. తుమ్ము వస్తే ముక్కు గట్టిగా పట్టుకునేవాడు.

ఇంకొన్నాళ్ళకు మందలో పెద్దది, ఎడమ చెవి చీలిన దుప్పి, ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చి ఆయన అరచేతిలోని ఉప్పు నాకింది. ఆ గరుకు నాలుక తగలగానే రాజుకు ఒళ్ళంతా పులకరించింది. ఆ పూట కోటకు వచ్చి రెండు సార్లు పప్పన్నం వడ్డించుకున్నాడు. "ఇవాళ మా చీలుచెవి నా చేతిలో తిన్నది తెలుసా!" అని వంటవాడికి కూడా చెప్పాడు. మా చీలుచెవి అన్నాడు, గమనించారా? ఆయన మాత్రం గమనించలేదు.

పండుగ రోజు రానే వచ్చింది. తెల్లవారుజామునే రాజు మంచె ఎక్కాడు. ఒకపక్క మాచిరాజు, ఇంకోపక్క బయ్యన్న. మంచు విడుతుండగా చీలుచెవి వచ్చింది. మంచె కిందికే వచ్చి, తల పైకెత్తి, రోజూ ఉప్పు పెట్టే చెయ్యి ఎక్కడుందా అని వెతికింది.

రాజు విల్లు ఎక్కుపెట్టాడు. ఈసారి గురి తప్పే వీలే లేదు. గుడ్డివాడు వేసినా తగులుతుంది.

"వేయండి ప్రభూ, వేయండి!" అన్నాడు మాచిరాజు.

బయ్యన్నకు తన గూడెం కళ్ళ ముందు కదిలింది. నోరు మెదపకుండా ఉంటే చాలు, దుప్పి పడుతుంది, గూడెం నిలుస్తుంది. కానీ ఆయన ఊరుకోలేకపోయాడు.

"ఒక్క మాట దొరా," అన్నాడు నెమ్మదిగా. "సాయంత్రం గద్దె కాడ తమరు వేట చెప్పాల గదా. ఇన్నేళ్ళకు మొదటిసారి. ముందు ఒకసారి నాకు చెప్పండి. ఎట్లా ఉంటదో వింటాను."

రాజు బాణం దించకుండానే మొదలుపెట్టాడు. "నేను రోజూ అడవికి వెళ్ళాను. జొన్నలు చల్లాను. అది నన్ను చూసి భయపడింది. భయపడొద్దని ఉప్పు పెట్టాను. అది వచ్చింది. నా చెయ్యి నాకింది. ఇవాళ కూడా నా చెయ్యి కోసమే వచ్చింది. అప్పుడు నేను..."

ఆ తర్వాతి మాట రాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయాడు. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగిపోయాడు. ఊరందరి ముందు, పిల్లల ముందు, అడవితల్లి ముందు ఈ ముక్క ఎలా చెప్పడం? మార్చి చెబుదామంటే ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. మేత రాజే పెడితే అదీ రాజే చెప్పుకోవాలని బయ్యన్న నమ్ముకున్నది ఈ ఒక్క ఆచారాన్నే. ఇందాక నేను దాచిన ఆలోచన ఇదే.

రాజు విల్లు దించాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "దీన్ని నేను చంపలేను బయ్యన్నా. ఎవరినీ చంపనివ్వను. రోజూ నేనే వచ్చి మేపుకుంటాను."

"అది ఇంకా తప్పు దొరా!" అన్నాడు బయ్యన్న. "వీటికి మనిషంటే భయం పోయింది. రేపు ఎవడో గుప్పెడు జొన్నలు చూపించి పిలుస్తాడు. వెళ్తాయి. వాడి దగ్గర కత్తి ఉంటది. జొన్నల రుచి మరిగి చేలల్లో పడితే రైతు కర్ర తీస్తాడు. వీటిని ఇప్పుడే తరమాల. తమరే తరమాల."

"నేనా?"

"పిలిచింది తమరే గదా."

రాజు మంచె దిగాడు. చీలుచెవి ఆశగా ముందుకొచ్చింది. రాజు మట్టిబెడ్డ తీసుకున్నాడు. పళ్ళు బిగబట్టి దాని ముందు నేల మీద కొట్టాడు. అది బెదిరి ఆగి, ఇదేమిటన్నట్టు చూసింది. రెండో బెడ్డకు వెనక్కి తగ్గింది. "పో! ఎవరినీ నమ్మకు, నన్నసలే నమ్మకు!" అని అరుస్తూ రాజు మూడో బెడ్డ విసిరాడు. మంద మొత్తం తోకలు లేపి అడవిలోకి దూసుకుపోయింది. మహారాజు ఆ మట్టిలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం ఆయన వట్టిచేతులతోనే గద్దె దగ్గరికి వెళ్ళాడు. జనం గుసగుసలాడుకున్నారు. వెనక బయ్యన్న మనుషులు మూటలు కట్టుకుని నిలబడి ఉన్నారు.

రాజు గద్దె ఎదుట నిలిచి వేట చెప్పాడు. పుట్టలో దిగిన బాణం, తుమ్ము, తలపాగా, కోటలో దాక్కున్న మూడు పండుగలు, జొన్నలు, ఉప్పు, మట్టిబెడ్డలు, ఏదీ దాచలేదు. తలపాగా దగ్గర జనం పగలబడి నవ్వారు. చీలుచెవి చూసిన చూపు దగ్గర ఎవరూ నవ్వలేదు.

"అడవి విషయంలో బయ్యన్న గూడెం మాటే నా మాట," అన్నాడు చివర్లో. "ఇకమీదట మేత పెట్టి వేటాడినవాడు ఈ గద్దె దగ్గరికి రాకూడదు. నేనైనా సరే."

గద్దె చూసుకునే సింగమ్మవ్వ ముసిముసిగా నవ్వింది. "వేట దొరకలేదు గానీ వేట చెప్పడం మాత్రం బాగా చెప్పావు నాయనా. ఒసేయ్, పొయ్యి వెలిగించండే. గుమ్మడికాయలు తరగండి!"

ఆ రాత్రి గూడెం మూటలు విప్పుకుంది. రాజు బయ్యన్న పక్కన కూర్చుని మూడు విస్తళ్ళ పులుసన్నం తిన్నాడు.

మరుసటి ఏడు పండుగనాడు రాజు బయ్యన్న వెంట కాలినడకన అడవికి వెళ్ళాడు. కదలకుండా కూర్చోవడం ఎలాగో ఆయనకు ఇప్పుడు వచ్చు. గాలి వాలు చూడటం, అడుగుజాడ పట్టడం బయ్యన్న నేర్పాడు. ఒకచోట చీలుచెవి కనిపించింది. ఆయన వాసన తగిలిందో లేదో, మెరుపులా మాయమైంది.

"చూశావా బయ్యన్నా, ఎలా పారిపోయిందో!" అని రాజు సంతోషం పట్టలేక చేతులు చరిచాడు. ఆ చప్పుడుకు చుట్టుపక్కల ఉన్నవన్నీ పారిపోయాయి. బయ్యన్న నెత్తి కొట్టుకున్నాడు.

పొద్దు వాలేవేళకు, కందిచేలు పాడుచేస్తున్న ఒక అడవిపందిని రాజు వాగుల వెంట, ముళ్ళపొదల వెంట తరిమి తరిమి కొట్టాడు. అది రెండుసార్లు తప్పించుకుంది. ఒకసారి ఆయన్నే తరిమింది. ఆ సాయంత్రం గద్దె దగ్గర ఆయన వేట చెబుతూనే ఉన్నాడు, చెబుతూనే ఉన్నాడు. పిల్లలు తల్లుల ఒళ్ళలో నిద్రపోయారు. సింగమ్మవ్వ రెండుసార్లు దగ్గింది. అయినా ఆయన ఒక్క ముక్క వదల్లేదు, ఒక్కచోట తడబడలేదు.

నమ్మి దగ్గరికి వచ్చినదాన్ని దెబ్బతీయకూడదు. నలుగురి ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పుకోలేని గెలుపు గెలుపే కాదు.